ఊరు ముందు, పేరు తరువాత



కొత్త మనిషి ఎదురైతే మనం ముందుగా అడిగేది "మీదే ఊరండీ?" అని. పేరు ఆ తరువాత. ఎవరికీ తెలియని మనిషిని "ఊరూ పేరూ లేనివాడు" అంటాం. ఆ మాటలోనూ ఊరే ముందుంది. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే. త్యాగరాజస్వామి పుట్టింది తిరువారూరులో, బతికింది తిరువైయారులో. ఇంటిపేరు మాత్రం కాకర్ల. అది ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని ఒక ఊరు. వంశం కావేరి ఒడ్డుకు చేరినా, తరాలు గడిచినా, ఊరు ఇంటిపేరై వెంట నడిచింది.

ఊరికి మనం ఇచ్చే ఈ పెద్దపీట ఎంత విలువైనదో నాకు కెనడాలో తెలిసివచ్చింది. అక్కడ తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళు పాత జనాభా లెక్కల పుస్తకాలు తిరగేస్తారు. ఆ పుస్తకాలు జిల్లాలవారీగా, ఉపజిల్లాలవారీగా కట్టి ఉంటాయి. ఎవరు ఏ జిల్లా కిందికి వస్తారో తెలిస్తే ముత్తాత దొరుకుతాడు. తెలియకపోతే పేరు ఎంత బాగా తెలిసినా ఆయన ఆ కాగితాల్లోనే దాగి ఉంటాడు. ఈవేళ ఆ సంగతి మీతో చెప్పుకుంటాను.

నేను కొంతకాలం ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో ఉన్నాను. ఇప్పుడక్కడ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. వాళ్ళింట్లో తరాలనాటి బైబిలు ఒకటి ఉంది. దాని మొదటి పేజీలో, వెలిసిపోయిన సిరాతో, ముత్తాత పెళ్ళి తేదీ, పుట్టిన పిల్లల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. అడుగున "కాలెడన్, పీల్ కౌంటీ" అని ఉంది. కాలెడన్ బ్రాంప్టన్‌ను ఆనుకుని ఉత్తరాన ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దానిలో భాగమైన టౌన్‌షిప్ మన మండలం లాంటిది. ఆవిడ 1871 జనాభా లెక్కల్లో పీల్ జిల్లా తెరిచి మూడు సాయంత్రాలు వెతికారు. నాలుగో సాయంత్రం నన్ను పిలిచారు. ఇద్దరం కలిసి చూశాం. బ్రాంప్టన్ ఉంది. చింగ్వాకూసీ టౌన్‌షిప్ ఉంది. కాలెడన్ మాత్రం ఎక్కడా లేదు. "మా వాళ్ళింటికి లెక్కలవాడు రాలేదేమో" అని ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

లెక్కలవాడు వచ్చాడు. రాసుకున్నాడు కూడా. అయితే రాసిన కాగితం పీల్ జిల్లా కట్టలో లేదు, కార్డ్‌వెల్ అనే జిల్లా కట్టలో ఉంది. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడినప్పుడు పార్లమెంటు ఎన్నికల కోసం నియోజకవర్గాలు గీశారు. పీల్ కౌంటీ నుంచి కాలెడన్, ఆల్బియన్ అనే రెండు టౌన్‌షిప్పులు, సిమ్కో కౌంటీ నుంచి అడ్జాలా, మోనో అనే రెండు టౌన్‌షిప్పులు తీసి, నాలుగూ కలిపి కార్డ్‌వెల్ నియోజకవర్గం చేశారు. జనాభా లెక్కలవాళ్ళు కౌంటీ హద్దులను పక్కనపెట్టి నియోజకవర్గాలనే జిల్లాలుగా తీసుకున్నారు. కాబట్టి ఆవిడ ముత్తాత భూమి పన్ను కట్టింది పీల్ కౌంటీకి, తల లెక్కకొచ్చింది కార్డ్‌వెల్ జిల్లాలో.

కార్డ్‌వెల్ తెరిచి, అందులో కాలెడన్ ఉపజిల్లా తీశాం. అరగంటలో ముత్తాత దొరికాడు. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. కింద భార్య, ఆ కింద పిల్లలు. బైబిల్లో ఉన్న వరుసే ఇక్కడా ఉంది. ఆవిడ ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, తనకు తెలిసినవాళ్ళను పిలిచినట్టు చదువుకుంటూ పోయారు. ఆ గదిలో అప్పుడున్న నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కెనడాలో మనుషులను లెక్కపెట్టడం చాలా పాతకాలపు పని. 1666లో, ఆ నేల ఫ్రెంచివాళ్ళ చేతిలో న్యూ ఫ్రాన్స్‌గా ఉన్నప్పుడు, జాఁ తాలోఁ అనే అధికారి ఇల్లిల్లూ తిరిగి వలసవచ్చినవాళ్ళ లెక్క రాయించాడు. 3,215 మంది తేలారు. పేరు, వయసు, పెళ్ళి, చేతిపని రాసుకున్నారు. ఆ తరువాత రకరకాల లెక్కలు జరిగాయి. ఇప్పటి పద్ధతికి పునాది 1867 నాటి రాజ్యాంగ చట్టం. 1871లో మొదలుపెట్టి పదేళ్ళకొకసారి జనాన్ని లెక్కపెట్టాలని అందులో రాసుకున్నారు. ఏ రాష్ట్రానికి పార్లమెంటులో ఎన్ని స్థానాలో తేల్చడానికి ఆ లెక్క కావాలి. చిక్కు కూడా అక్కడే మొదలైంది. లెక్క అయ్యాక స్థానాలు మారతాయి, స్థానాలు మారితే నియోజకవర్గాల హద్దులు మారతాయి, హద్దులు మారితే తరువాతి లెక్కలో జిల్లాలు మారతాయి. ఇల్లు కదలకపోయినా, పొలం కదలకపోయినా, కాగితం మీద మనిషి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్ళిపోతాడు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. తరువాత ప్రకాశం. 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలో చేరింది. కందుకూరులో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకే ఇంట్లో ఉండి జిల్లా పేరు మళ్ళీ మళ్ళీ మార్చి రాసుకున్నాడు. రేపు ఆయన మునిమనవడు పాత కాగితాల కోసం ఏ జిల్లా కచేరీకి వెళ్ళాలో తెలియాలంటే, ఏ సంవత్సరపు కాగితమో ముందు తేల్చుకోవాలి. కెనడాలోనూ సూత్రం ఇదే. ఊరు ఒక్కటే చాలదు, ఏ ఏటి ఊరు అన్నది తెలియాలి.

జిల్లాల అమరిక ఎలా ఉంటుందో చెబుతాను. పైన రాష్ట్రం. దాని కింద జిల్లా. ఇది చాలావరకు ఒక నియోజకవర్గం, కొన్నిచోట్ల ఒక కౌంటీ, ఇంకొన్నిచోట్ల పెద్ద నగరం. దాని కింద ఉపజిల్లా. పల్లెల్లో ఇది ఒక టౌన్‌షిప్ లేదా ఒక చర్చి పరిధి, పట్నాల్లో ఒక వార్డు. ఉపజిల్లా పెద్దదైతే దాన్ని మళ్ళీ డివిజన్లుగా విడగొట్టి, ఒక్కొక్క డివిజన్ ఒక్కొక్క లెక్కలవాడికి అప్పగించారు. జిల్లాకు నంబరు, ఉపజిల్లాకు అక్షరమో నంబరో ఉంటాయి. ఆ నంబర్లు కూడా స్థిరంగా ఉండవు. 1871లో ఒకటో నంబరు జిల్లా ఒంటారియో కొసన ఉన్న ఎసెక్స్. 1881లో ఒకటో నంబరు తూర్పు సముద్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపానికి పోయింది. ఆ ద్వీపం 1873లో గాని సమాఖ్యలో చేరలేదు మరి. అందుకే ఒక ఏటి నంబరు పట్టుకుని ఇంకో ఏటి పుస్తకం తెరిస్తే వేరే సీమకు చేరతాం.

ఇప్పుడు 1881 నాటి పేజీ ఒకటి కళ్ళ ముందు పెట్టుకోండి. పైన రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా, డివిజన్, పేజీ నంబరు. కింద 25 వరుసలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క మనిషి. ఎడమ చివర ఇంటి నంబరు, కుటుంబం నంబరు. తరువాత పేరు. ఇంటి యజమాని దగ్గర ఇంటిపేరు ఒకసారి రాసి, మిగతావాళ్ళకు కింద చిన్న గుర్తులు పెట్టేవాళ్ళు. ఆపైన ఆడా మగా, వయసు, పుట్టిన రాష్ట్రం లేదా దేశం, మతం, తండ్రి తరపు మూలం, చేసే పని, పెళ్ళి, బడికి పోవడం. చెవుడు, గుడ్డితనం వంటి బాధలకు చివర ఒక గడి. ఆ ఏడు నలభై మూడు లక్షలకు పైగా మనుషులు ఇలా వరుసల్లోకి ఎక్కారు. రాసినవాడు గుర్రబ్బండి మీదో నడిచో ఊరి దారిన పోతూ ఒక గుమ్మం తరువాత ఇంకో గుమ్మం దగ్గర ఆగాడు. అందువల్ల పేజీలో పక్కపక్కన ఉన్న కుటుంబాలు నేల మీదా పక్కపక్కనే ఉన్నట్టు. మీ మనిషి దొరకగానే పుస్తకం మూయకండి. పైన నాలుగిళ్ళు, కింద నాలుగిళ్ళు చదవండి. పిల్లనిచ్చినవాళ్ళు, పిల్లను తెచ్చుకున్నవాళ్ళు, ఒకే ఓడలో వచ్చినవాళ్ళు చాలాసార్లు అక్కడే కనబడతారు.

ప్రతి లెక్కా అన్నీ అడగలేదు. 1871లో తొమ్మిది రకాల పట్టికలు ఉన్నాయి, అన్నీ నిలిచాయి. అంతకుముందు 12 నెలల్లో చనిపోయినవాళ్ళ పేర్లు, చావుకు కారణం ఒక పట్టికలో. పొలం ఎన్ని ఎకరాలు, పంట ఎంత అన్నవి ఇంకో పట్టికలో. 1881కి వచ్చేసరికి మనుషుల పట్టిక ఒక్కటే మిగిలింది. ఇంటి యజమానికి ఈ మనిషి ఏమవుతారు అన్న ప్రశ్న 1891లో మొదలైంది. 1901లో పుట్టిన తేదీ, దేశానికి వచ్చిన సంవత్సరం అడిగారు. ఆ సంవత్సరం చేతికొస్తే ఓడల ప్రయాణికుల జాబితా తెరవచ్చు. క్విబెక్ రేవులో దిగినవాళ్ళ జాబితాలు 1865 నుంచి ఉన్నాయి.

ఒక మనిషిని పట్టుకుని లెక్కల వెంట నడిస్తే ఇదంతా తేటపడుతుంది. అందరికీ తెలిసిన రచయిత్రిని తీసుకుందాం. 1908లో 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవల రాసిన లూసీ మాడ్ మాంట్‌గోమరీ. ఆమె 1874 నవంబరు 30న ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో పుట్టింది. రెండేళ్ళు నిండకముందే తల్లి పోయింది. అమ్మమ్మ, తాతయ్య కావెండిష్ అనే పల్లెలో పెంచారు. తండ్రి పడమటికి వెళ్ళి సస్కాచవాన్ సీమలో స్థిరపడ్డాడు.

1881 ఏప్రిల్ నాటి లెక్కలో ఆమె కోసం కావెండిష్ ఉన్న క్వీన్స్ కౌంటీలో వెతకాలి. ఇంటి యజమాని మెక్‌నీల్, పిల్ల ఇంటిపేరు మాంట్‌గోమరీ. ఆ ఏడు చుట్టరికం గడి లేదని చెప్పాను కదా. కథ తెలియనివాళ్ళు అలాంటి వరుస చూస్తే ఆ పిల్ల మనవరాలో, ఇంట్లో పనికి పెట్టుకున్న అమ్మాయో చెప్పలేరు.

1891 ఏప్రిల్ 6 నాటి లెక్క. అప్పుడామె వయసు పదహారు. అంతకుముందు ఆగస్టులో తండ్రి దగ్గరికి ప్రిన్స్ ఆల్బర్ట్‌కు వెళ్ళి ఏడాదిపాటు ఉంది. అంటే లెక్కనాటికి మనిషి వాయవ్య భూభాగాల్లో ఉంది. కానీ కెనడా లెక్కల పద్ధతిలో ఆ రోజు ఎక్కడున్నారన్నదానికన్నా స్థిరనివాసం ఎక్కడన్నదే ముఖ్యం. అమ్మమ్మ ఆమెను తన ఇంటి మనిషిగా చెప్పి ఉండవచ్చు, తండ్రి తన ఇంటి మనిషిగా చెప్పి ఉండవచ్చు. కాబట్టి రెండుచోట్లా చూడాలి. చదువుకో, పనికో, పురిటికో ఇల్లు విడిచివెళ్ళిన ప్రతివాళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

1901 మార్చి 31కి ఆమె మళ్ళీ కావెండిష్‌లో అమ్మమ్మ దగ్గర ఉంది. ఆ ఏడే చలికాలానికి హాలిఫాక్స్‌లో ఒక దినపత్రికలో పనికి వెళ్ళింది. 1911 జూన్ 1 నాటి లెక్క ఇంకా చిత్రమైనది. ఆ మార్చిలో అమ్మమ్మ చనిపోయింది. మనవరాలు కావెండిష్ విడిచి పార్క్ కార్నర్‌లో బంధువుల ఇంటికి చేరింది. జూలై 5న పెళ్ళయింది. జూన్ 1న మిస్ మాంట్‌గోమరీ, నెలా నాలుగు రోజులకు మిసెస్ మక్‌డానల్డ్. 1921లో ఆమె కోసం భర్త ఇంటిపేరుతో ఒంటారియోలోని లీస్క్‌డేల్‌లో వెతకాలి. ఆయన అక్కడ ప్రెస్బిటేరియన్ పాస్టరు. లీస్క్‌డేల్ స్కాట్ టౌన్‌షిప్‌లో ఉంది, ఆ టౌన్‌షిప్ ఒంటారియో కౌంటీలో ఉంది. రాష్ట్రం పేరూ కౌంటీ పేరూ ఒకటే కావడంతో కొత్తవాళ్ళు తరచూ తికమకపడతారు. పైగా ఆ కౌంటీ ఇప్పుడు లేదు, 1974లో దానిలో చాలాభాగం డర్హమ్ ప్రాంతంలో కలిసింది. ఇక 1931కి ఆ కుటుంబం హాల్టన్ కౌంటీలోని నోర్వల్‌లో ఉంది.

ఒక మనిషి. ఆరు లెక్కలు. అయిదు ఊళ్ళు. రెండు ఇంటిపేర్లు. ఎప్పుడెక్కడుందో తెలుసు కాబట్టి మనం తిన్నగా ఆ పేజీ దగ్గరికి వెళ్ళగలం. పేరు మాత్రమే పట్టుకుని వెళ్తే 1911 తరువాత ఆమె మాయమైపోయిందనుకుంటాం.

పడమటి మైదానాల సంగతి కొంచెం వేరు. మానిటోబా, సస్కాచవాన్, ఆల్బర్టా సీమల్లో జనం త్వరత్వరగా పెరిగారు. అందుకే అక్కడ 1906, 1916, 1926ల్లో నడుమ నడుమ అదనంగా లెక్కలు తీశారు. సస్కాచవాన్, ఆల్బర్టా రాష్ట్రాలుగా ఏర్పడింది 1905లో. రెజీనాలో ఉన్న కుటుంబాన్ని 1906లో సస్కాచవాన్ కింద వెతకాలి, 1901లో అసినిబోయా కింద వెతకాలి. అసినిబోయా అన్న పరిపాలనా జిల్లా ఆ తరువాత పటంలోంచే పోయింది. అయితే ఈ నేలలో ఒక సదుపాయం ఉంది. ప్రభుత్వం 1871 నుంచి అంతా చదరాలుగా కొలిచింది. ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళు ఒక టౌన్‌షిప్. అందులో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. సెక్షన్లో పావు వంతు 160 ఎకరాలు. 1872 చట్టం కింద పది డాలర్ల రుసుము కట్టి, నేల దున్ని, ఇల్లు కట్టుకుని ఉన్నవాడికి ఆ 160 ఎకరాలు దక్కాయి. ఈ సీమ లెక్కల పుస్తకాల్లో మనిషి పేరుకెదురుగా సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్, మెరిడియన్ అంకెలు రాశారు. మనకు సర్వే నంబరు ఎలాంటిదో వాళ్ళకు ఆ అంకెలు అలాంటివి. ఇంటిపేరు ఉక్రెయిన్ భాషలో ఉండి లెక్కలవాడు నానారకాలుగా రాసినా, ఆ అంకెలు పట్టుకుని భూమి దస్తావేజు దాకా వెళ్ళవచ్చు.

ఊళ్ళ పేర్లు కూడా మారాయి. ఒంటారియోలో జర్మన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న బెర్లిన్ పట్టణం మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, కిచెనర్ అయింది. 1911 పుస్తకంలో కిచెనర్ కోసం వెతికితే దొరకదు, 1921లో బెర్లిన్ కోసం వెతికినా దొరకదు. ఆ కాలపు పటం పక్కన పెట్టుకునే పని మొదలుపెట్టాలి. ఒంటారియో కౌంటీలకు 1870ల్లో అచ్చయిన పెద్ద పటాల పుస్తకాలు ఉన్నాయి. 1877 నాటి పీల్ కౌంటీ పుస్తకంలో చాలా పొలాలకు యజమాని పేరు పటం మీదే రాసి ఉంటుంది. మా పెద్దావిడ ముత్తాత పొలం చివరికి మేం అందులోనే చూశాం.

పేరు అసలే పనికిరానిచోటు కూడా ఉంది. అక్కడ మనదేశపు మనుషులే కనబడతారు. 1904 నుంచి 1908 దాకా పంజాబు నుంచి సుమారు అయిదు వేలమంది బ్రిటిష్ కొలంబియాకు వెళ్ళారు. ఎక్కువమంది కోతమిల్లుల్లో, అడవుల్లో పనిచేశారు. 1908లో ప్రభుత్వం దారి మూసేసింది. పుట్టిన దేశం నుంచి నడుమ ఆగకుండా వచ్చినవాళ్ళకే ప్రవేశమంది. 1914లో 376 మందితో వచ్చిన కొమగాట మారు ఓడను వ్యాంకూవర్ రేవులో రెండు నెలలు నిలిపి, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపింది. అప్పటికే అక్కడున్న మన పంజాబీల కోసం 1911 లెక్క తెరిస్తే సింగ్ తరువాత సింగ్, ఆ తరువాత సింగ్. సిక్కులైనా, ముస్లింలైనా, వాళ్ళకు పెట్టిన పేరు 'హిందూ'. పక్కనే చైనా కార్మికుల పేర్లలో 'ఆ' అన్న అక్షరాన్ని పేరుగా రాసేశారు. అది వాళ్ళు మనిషిని చనువుగా పిలిచేటప్పుడు ముందు చేర్చే మాట. ఇక్కడ మునిమనవడికి మిగిలే ఆధారం చోటు ఒక్కటే. తాత ఏ మిల్లులో పనిచేశాడు? ఫ్రేజర్ మిల్స్‌లోనా, వ్యాంకూవర్ ద్వీపంలోని మిల్లులోనా? అది చెప్పగలిగితే వెతకాల్సిన పేజీలు వందల నుంచి పదుల్లోకి వస్తాయి.

ఇంకొక రకం వరుస చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. ఒక రైతు కుటుంబం, అందరికీ ఒకే ఇంటిపేరు, చివరి వరుసలో వేరే ఇంటిపేరుతో పది పన్నెండేళ్ళ కుర్రాడు. పుట్టింది ఇంగ్లండు. 1869 నుంచి 1930ల దాకా బ్రిటన్‌లోని అనాథశరణాలయాలు, ధర్మసంస్థలు లక్షమందికి పైగా పిల్లలను కెనడా పొలాల్లో, ఇళ్ళల్లో పనికి పంపాయి. అందులో చాలామంది అనాథలు కారు, బీదతల్లుల బిడ్డలు. వాళ్ళలో ఎందరో పెద్దయ్యాక ఈ సంగతి సొంత పిల్లలకు కూడా చెప్పలేదు. ఈనాడు వాళ్ళ మనవలకు ఆ ఒక్క వరుసే మొదటి సాక్ష్యం. ఆ వరుస ఏ ఉపజిల్లాలో ఉందో తేలాకే వాళ్ళకు తాత బాల్యం తెలుస్తుంది.

ఈ పుస్తకాలకు లోపాలున్నాయి. 1851 లెక్క నిజానికి 1852 జనవరిలో తీశారు, దానిలో చాలాభాగం దొరకడం లేదు. 1911 వంటి కొన్ని లెక్కల కాగితాలను 1955లో మైక్రోఫిల్ము తీసి తరువాత ధ్వంసం చేశారు. ఫిల్ము మసకగా పడినచోట ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ఇంకొక సంగతి. పుట్టినచోటు గడిలో స్కాట్‌లండ్, ఐర్లండ్, రష్యా అని దేశం పేరే ఉంటుంది. ఊరు ఉండదు. సముద్రానికి అవతలి ఊరు కావాలంటే మతం గడి చూసి ఆ శాఖ చర్చి పుస్తకాలకు, సమాధుల రాళ్ళకు, భూమి దస్తావేజులకు వెళ్ళాలి. లెక్కల జిల్లా ఆ దారికి గుమ్మం.

ఈ లెక్కల పుస్తకాలు చూడటానికి పైసా ఖర్చులేదు. ఆటవాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా ఈ పేజీలన్నీ అందరికీ తెరిచి పెట్టింది. జిల్లాల, ఉపజిల్లాల జాబితాలు ఏడాదివారీగా అందులోనే ఉన్నాయి. మనిషి బతికుండగా అతని వివరాలు బయటపడకూడదని 92 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. 1931 లెక్క 2023 జూన్ 1న తెరుచుకుంది. మొదటి రోజుల్లో దానికి పేర్ల సూచిక లేదు. తమవాళ్ళ జిల్లా, ఉపజిల్లా తెలిసినవాళ్ళు ఆ రోజే వెళ్ళి చూసుకున్నారు, తెలియనివాళ్ళు సూచిక కోసం ఆగారు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి మరో సంగతీ చెప్పాలి. ఆ 1931 పట్టికలో "ఈ కుటుంబానికి రేడియో ఉందా?" అని ఒక గడి ఉంది. తాతగారింట్లో ఆ ఏడు రేడియో మోగిందో లేదో మనవడు ఈనాడు చదువుకోగలుగుతున్నాడు.

మనదేశంలో ఈ దారి లేదు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి కాగితాలు ఎవరూ చూడటానికి వీల్లేదు. మనకు అంకెలు మిగులుతాయి గాని తాతల పేర్లు మిగలవు. మన ఆధారాలు వేరేచోట ఉన్నాయి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆంధ్రలో డైగ్లాటు, అడంగళ్ళు వంటి భూమి లెక్కల పుస్తకాలు. కాశీలో, గయలో పండాల దగ్గర ఉన్న బహీలు, అంటే యాత్రికుల వంశాల చిట్టాలు. వీటన్నిటికీ తాళంచెవి ఒక్కటే, ఊరు. ఏ ఊరు, ఏ తాలూకా, అప్పుడు ఏ జిల్లా?

కెనడాలో ఉన్న మన తెలుగువాళ్ళతో చివరగా ఒక మాట. 1967లో అక్కడ వలస నిబంధనలు మారాక మనవాళ్ళు వెళ్ళడం ఎక్కువైంది. వాళ్ళ పేర్లున్న 1971 లెక్క 2063లో తెరుచుకుంటుంది. 2021 నాటి లెక్క 2113లో తెరుచుకుంటుంది. ఆనాడు మీ మునిమనవరాలు బ్రాంప్టన్‌దో, ఎడ్మంటన్‌దో పేజీ తీసి మీ పేరు మీద వేలు పెడుతుంది. పుట్టినచోటు గడి ఉంటే, అందులో ఆమెకు కనబడేది "ఇండియా" అన్న ఒక్కమాటే. స్కాట్‌లండ్ నుంచి వచ్చిన రైతుకు ఏం జరిగిందో రేపు మనకూ అదే జరుగుతుంది. ఆ ఒక్కమాట దగ్గర మీ కథ ఆగిపోకూడదు.

అందుకని ఈ రాత్రే ఒక కాగితం తీయండి. అమ్మకు, నాన్నకు, బతికుంటే అమ్మమ్మకు, తాతయ్యకు ఫోను చేయండి. పుట్టిన ఊరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా అడిగి రాసుకోండి. ఏ ఏట ఊరు విడిచారో, ఎక్కడెక్కడ ఉన్నారో, ఏ ఏట ఏ ఇంట్లో ఉన్నారో రాయండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఇంట్లో అందరికీ తెలిసినచోట దాచండి.

ఊరు ముందు రాయండి. పేరు తరువాత.